రొట్టె తిరగేసేదాకా

ఇంజనును నేల మీద నడిపించి చూడటం మా నసీరుద్దీన్‌కు పెళ్లిచూపుల్లాంటిది. బండిలోకి ఎక్కించక ముందే దాని గొంతూ గుణమూ తేలిపోవాలి. రెండు పాత లారీ టైర్లు పరిచి వాటి మీద ఇంజనును కదలకుండా కూర్చోబెట్టేవాడు. తాళంచెవి పెట్టే స్విచ్చు ఒక చెక్కపలకకు బిగించి ఉండేది. పెట్రోలు సీసా దూరంగా కొయ్యకు వేలాడేది, దాని కింద ఇసుక బకెట్టు. రేడియేటర్ ఉండదు, నీళ్లుండవు, ఫ్యాను బెల్టు కూడా తీసేసి ఉంటుంది. పొయ్యి మీద ఖాళీ గిన్నె ఎంతసేపు ఉండగలదో ఆ ఇంజను కూడా అంతసేపే ఉండగలదు. ఆ కాసేపట్లోనే ఆయిలు పైకెక్కుతోందా, ఎక్కడైనా కారుతోందా, నాలుగు సిలిండర్లూ పలుకుతున్నాయా అన్నది చూసుకుని ఆపేయాలి. ఆలస్యమైతే లోపలి ఇనుము ఉబ్బి పిస్టన్లు పట్టేస్తాయి, పైనున్న హెడ్డు వంగిపోతుంది. అప్పుడిక ఆ ఇంజను పాతసామాన్ల వాడి తక్కెడకే పనికొస్తుంది.

ఎప్పుడు ఆపాలన్నదే అసలు విద్య. మిగతా మెకానిక్కులు గడియారం చూస్తారు. కొందరు మహానుభావులు ఏదీ చూడరు. నసీరుద్దీన్ ఎడమ అరచేతిని హెడ్డు పక్కన ఆనించి, కుడిచేతిని తాళం మీద ఉంచేవాడు. మనిషి చెయ్యి ఓర్చుకున్నంతసేపు ఇనుము కూడా ఓర్చుకుంటుందని ఆయన లెక్క. అరచెయ్యి ఇక నా వల్ల కాదన్న క్షణాన “బస్” అని తాళం తిప్పేవాడు. తర్వాత బండి యజమాని ముందుకొచ్చి, ఆయన చెయ్యి తీసిన చోటే తన చెయ్యి పెట్టాలి. దాన్ని మా దగ్గర సలాం అనేవారు. ఇంజను వెచ్చగా ఉందే గాని కాలిపోలేదని యజమాని తన చేత్తో తాను తెలుసుకోవడమన్నమాట. సలాం కాకుండా ఏ ఇంజనూ ఆ షెడ్డు దాటి పోలేదు.

నా పేరు పరమేశ్. తూంకుంటలో, కరీంనగర్ రోడ్డు పక్కన, ఆయన షెడ్డును ఆనుకునే నా మోటారు వైండింగు దుకాణం. రెండువేల పన్నెండు ఎండాకాలం నాటి మాట ఇది. కరెంటు ఉంటే ఉన్నట్టు కాదు, పోతే పోయినట్టు కాదు. ఆ లో వోల్టేజీ పుణ్యమా అని రైతుల మోటార్లు వరసపెట్టి కాలిపోయి నా ముందు గుట్టగా పడేవి. రోజంతా రాగి తీగ చుట్టేవాడికి కోపం తొందరగా వస్తుంది. నాకు రోజూ వచ్చేది. నసీర్ భాయ్‌కి మాత్రం కోపం రాగా నేను చూడలేదు. అంతటి నెమ్మది మనిషి పక్కన ఉంటే మనకు ఇంకా ఎక్కువ కోపం వస్తుందన్న సంగతి అనుభవించినవాళ్లకే తెలుసు.

ఆయనది లాల్‌గడి మలక్‌పేట్. తండ్రికి కాస్త పొలం, రెండు బర్రెలు. బర్రెలు కాయమంటే మేడ్చల్ రోడ్డెక్కి లారీలు చూస్తూ కూర్చునేవాడట. చివరికి తండ్రే విసుగెత్తి మేడ్చల్‌లో ఒక లారీ ఉస్తాద్‌కు అప్పజెప్పాడు. ఆ ఉస్తాద్ పానా ఇవ్వకముందే ఆయన చేతిని పట్టుకుని, నడుస్తున్న ఇంజను మీద పెట్టి, పైన తన చెయ్యి అదిమి ఉంచాడట. “గుంజుకోకు. అది ఏం జెప్తుందో ఇను” అన్నాడట. అప్పట్నుంచీ చెవులకంటే ఆ అరచేతినే ఎక్కువ నమ్ముకున్నాడు. షెడ్డుకు బోర్డు కూడా పెట్టలేదు. ఎందుకు భాయ్ అంటే ఎడమచెయ్యి పైకెత్తి చూపించేవాడు. శామీర్‌పేట నుంచి, కండ్లకోయ నుంచి జనం వచ్చేది ఆ చెయ్యి కోసమే.

ఆయన భార్య షహర్ బాను. షెడ్డు గుమ్మానికి ఎదురుగా, వేపచెట్టు నీడలో, సాయంత్రం పూట జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. నాకు భాబీ. కొంగు నుదుటి మీదికి లాక్కుని, తలవంచుకుని రొట్టెలు చరిచేది తప్ప ఎవరి మొహం చూసి మాట్లాడేది కాదు. లారీ డ్రైవర్లు ఆమె రొట్టెను ఎరుగుదురు గాని మొహాన్ని ఎరగరు. ఆ రొట్టె చప్పుడు మాత్రం నా దుకాణం దాకా వినిపించేది. దాన్ని బట్టే నేను పొద్దుగూకిందని దుకాణం సర్దుకునేవాణ్ణి.

ముందు ఏడాది నుంచి నాకొక అనుమానం. అంతకుముందు నసీర్ భాయ్ ఇంజన్లను పొద్దున్నే నడిపించి చూసేవాడు. ఇప్పుడు ప్రతిదీ సాయంత్రమే.

“ఏంది భాయ్, పొద్దుగాల ఇంజన్లు నిద్ర లేస్తలేవా?” అని ఒకసారి ఆట పట్టించాను.

“సల్లపూట మంచిగుంటది పరమేశూ” అన్నాడు.

“ఇంజనుకా, నీకా?”

మామూలుగా అయితే నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు.

తర్వాత కొన్నాళ్లకు నా దుకాణంలోకి వచ్చి కూర్చున్నాడు. నేను తీగ కొసలు అతికిస్తున్నాను. వేడెక్కిన సాల్డరింగు కడ్డీని బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను. ఆయన ఏదో చెబుతూ బల్ల మీద చెయ్యి ఆనించాడు. మాట ఆగలేదు. కాలిన వాసన నాకే వచ్చింది. తిరిగి చూస్తే ఆయన వేలు కడ్డీ మీదే ఉంది, చర్మం తెల్లబడుతోంది. ఆయన మాత్రం ఫలానా జీపు క్లచ్ సంగతి చెబుతూనే ఉన్నాడు. నేను చెయ్యి లాగి అవతల పారేసినంత పని చేశాను.

ఆయన వేలు చూసుకుని, వాకిలి వైపు చూశాడు, ఎవరైనా చూశారేమోనని. అదీ ఆయన మొదటి భయం.

“షుగర్ పరమేశూ,” అన్నాడు మెల్లగా. “మొదాలు కాళ్లు మొద్దువారినయ్. ఇగ చేతులు. ఎడమదైతే సచ్చిపోయినట్టే. ఎవ్వరికి జెప్పకు.”

“మరి ఇన్ని ఇంజన్లు ఎట్ల ఆపుతున్నవ్?”

ఆయన భాబీ పొయ్యి వైపు చూపించాడు. అప్పుడు తెలిసింది నాకు ఆ సాయంత్రాల గుట్టు. ఇంజను స్టార్ట్ అవ్వగానే భాబీ పెనం మీద రొట్టె వేస్తుంది. పైన తడిగుడ్డతో అద్దుతుంది. ఆ తడి ఆరిపోగానే రొట్టె తిరగేస్తుంది. ఆమె చెయ్యి తిరిగిన క్షణాన ఈయన తాళం తిప్పేస్తాడు. అరచెయ్యి హెడ్డు మీద ఉండేది చూసేవాళ్ల కోసం. చేతిలో ఇంకా కాస్త ప్రాణం ఉన్న రోజుల్లోనే ఇద్దరూ కలిసి ఎన్నో ఇంజన్ల మీద సరిచూసుకున్నారట. రొట్టె మొదటి పక్క కాలేంతలోనే ఖాళీ ఇంజను కూడా చేతికి ఓర్వలేనంత వేడెక్కేదట.

“గడియారం పెట్టుకోరాదు?” అన్నాను, కోపంగానే.

“గడియారానికి ఎండ తెల్వది, సలి తెల్వది. రొట్టెకు తెలుస్తది. అదీ నిప్పు మీదనే ఉంటది గదా.” ఎడమచెయ్యి చూసుకుని, “నా చేతికి గడియారం గడితే ఊరంత ఏమంటది? నసీర్ చెయ్యి పోయిందంటది. చెయ్యి పోయినోనికి ఇంజన్ ఎవడిస్తడు?” అన్నాడు.

ఆ మాట కడుపులో పెట్టుకున్నాను. అప్పట్నుంచీ ఆ షెడ్డులో ఇంజను మోగినప్పుడల్లా నా పని ఆగిపోయేది. రొట్టె తిరగబడేదాకా నా కళ్లు ఆ పెనం మీదే.

గాలయ్య ఇంజను వచ్చింది ఆ ఎండల్లోనే. గాలయ్యది శామీర్‌పేట, చేపలు పట్టే కుటుంబం. ఆయనకొక ముసలి అంబాసిడర్ ఉండేది. వెనక సీట్లు పీకేసి, చేపల గంపలు పేర్చుకుని పట్నం మార్కెట్‌కు తీసుకుపోయేవాడు. ఆ కారు వస్తోందంటే మనకంటే ముందు పిల్లులకు తెలిసేది. రేడియేటర్ కారుతున్నా పట్టించుకోకుండా తోలి ఒకసారి ఇంజనును వేడికి పట్టేయించాడు. నసీర్ భాయ్ మొత్తం విప్పి, సిలిండర్ల లోపలి గోడలను కోయించి, కొత్త పిస్టన్లు వేశాడు. కోయడానికి ఇక అందులో ఇనుము మిగల్లేదు.

“ఇదే ఆఖరు గాలయ్యా,” అని ముందే చెప్పాడు. “ఇంకోపాలి వేడికి పట్టిందంటే ఇగ నాతోటి గాదు, ఎవ్వనితోటి గాదు.”

“నీ చెయ్యి మీద నాకు నమ్మకముంది భాయ్” అన్నాడు గాలయ్య.

ఆ మాట వినగానే నేను భాబీ పొయ్యి వైపు చూశాను. చెరువులో నీళ్లు తగ్గి వలలు వేసే రోజులవి. పట్టిన చేపలన్నీ కొద్ది రోజుల్లోనే పోవాలి. కారు లేక గాలయ్య ఆటోల వెంట పడుతున్నాడు. ఆటో వచ్చేసరికి చేప మెత్తబడుతోంది. ఏడాది బతుకంతా ఆ ఇంజను మీదుంది. నసీర్ భాయ్ బతుకు కూడా దాని మీదే ఉందని ఆయనకు తెలియదు.

నడిపించి చూసే రోజుకు ముందు సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన వచ్చింది. షెడ్డు పైరేకు ఒకటి లేచిపోయింది, నీళ్లు నేరుగా ఇంజను మీదికి. నసీర్ భాయ్ చుట్టూ చూసి, భాబీ కట్టెల మోపు మీద కప్పిన తాటిపత్రి పట్టా గుంజి తెచ్చి ఇంజను మీద కప్పాడు. కన్నబిడ్డకు దుప్పటి కప్పినట్టు నాలుగు మూలలా చెక్కాడు. ఇంజను పొడిగా ఉంది. కట్టెలు తడిసిపోయాయి. అప్పుడు ఆ సంగతి మాకెవరికీ తోచలేదు. వానలో ఇంజనును కాపాడినందుకు నేనే ఆయన్ను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు సాయంత్రం గాలయ్య, ఆయన భార్య సాలమ్మ, మరో నలుగురు చేపలవాళ్లు వచ్చారు. సాలమ్మ నిమ్మకాయ కోసి, కొబ్బరికాయ కొట్టి, ఇంజనుకు కుంకుమ పెట్టింది. నసీర్ భాయ్ బిస్మిల్లా అనుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఆయిలు చూశాడు. బ్యాటరీ వైర్లు గట్టిగా ఉన్నాయా అని లాగి చూశాడు. పెట్రోలు పైపు ఎక్కడా వేడి తగలకుండా పక్కకు కట్టాడు. ఎవరూ దగ్గరికి రాకుండా జరిపాడు. తర్వాత భాబీ వైపు చూశాడు. పొయ్యి మండుతోంది. ఆమె తల ఊపింది.

సెల్ఫ్ కొట్టగానే ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. ఆ మోత విని గాలయ్య మొహం వెలిగిపోయింది. నిజంగానే మంచి గొంతు అది. భాబీ రొట్టె వేసింది, తడిగుడ్డ అద్దింది. నసీర్ భాయ్ ఎడమచెయ్యి హెడ్డు పక్కన ఆనింది.

నేను వాకిట్లో నిలబడి ఇటూ అటూ చూస్తున్నాను. ఆయిలు పైకెక్కింది. నాలుగు సిలిండర్లూ సమంగా పలుకుతున్నాయి. కొత్త గ్యాస్కెట్ల పూత కాలి సన్నగా పొగ వచ్చింది. మొదటిసారి ఎప్పుడూ వచ్చేదే. ఇక తిరగేయాలి, ఇక తిరగేస్తుంది అనుకుంటున్నాను. భాబీ చెయ్యి కదల్లేదు.

పొయ్యి వైపు సరిగా చూశాను. మంట లేదు. పొయ్యిలోంచి తెల్లటి పొగ, కట్టెల చివర్ల నుంచి నురగ. రగిలించినప్పుడు పోసిన కిరసనాయిలు మండినంతసేపే మండి, తడికట్టె అంటుకోక చల్లారిపోయింది. రొట్టె మీద తడి తడిలాగే మెరుస్తోంది. భాబీ గొట్టంతో ఊదుతోంది. ఆమెకు తెలిసిందొక్కటే, తడి ఆరలేదు కాబట్టి సమయం కాలేదు. ఆయనకు తెలిసిందొక్కటే, ఆమె తిప్పలేదు కాబట్టి సమయం కాలేదు. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుని అలాగే ఉన్నారు, మధ్యలో ఇంజను మాడిపోతోంది.

అరిచి చెప్పేద్దామా? అందరి ముందూ భాయ్ నీ చెయ్యి చచ్చిందని అరవమంటారా? పొయ్యి దగ్గరికి పరుగెత్తాను.

“భాబీ, రొట్టె తిరగెయ్!”

“ఇంకా తడి ఆరలే భయ్యా.”

“పొయ్యి ఆరిపోయింది భాబీ! పొయ్యి జూడు!”

ఆమె పొయ్యి చూసింది, తర్వాత ఇంజను వైపు చూసింది. రొట్టె అక్కడే వదిలేసి, నీళ్ల గిన్నెలో చేతివేళ్లు ముంచి, కొంగు జారిపోతున్నా సర్దుకోకుండా మగవాళ్ల మధ్యలోంచి దూసుకుపోయింది. పెనం కాగిందో లేదో చూసేందుకు చిలకరిస్తారే, అలా నాలుగు చుక్కలు హెడ్డు మీద చిలకరించింది. చుక్కలు చుయ్యిమని ఎగిరిపోయాయి, తడి ఆనవాలు కూడా మిగల్లేదు.

“బస్! బంద్ కరో! రొట్టె కాలే పెనం అయింది!”

నసీర్ భాయ్ తాళం తిప్పాడు. ఇంజను ఆగలేదు.

అది అంత వేడెక్కితే కరెంటు కోసినా ఆగదు. లోపలి వేడికే పెట్రోలు అంటుకుని, తన్నుకుంటూ, గుద్దుకుంటూ తిరుగుతూనే ఉంటుంది. టైర్ల మీద ఇంజను ఎగిరెగిరి పడుతోంది. చేపలవాళ్లు వెనక్కి తగ్గారు. సాలమ్మ మొగుడి చొక్కా పట్టుకుంది. నసీర్ భాయ్ ఎడమచేతిని హెడ్డు నుంచి పీకి, కార్బొరేటర్ నోటికి అడ్డంగా వేసి మూసేశాడు. గాలి అందని ఇంజను ఆ అరచేతిని లోపలికి గుంజింది, ఒకసారి వణికింది, ఆగింది.

గాలయ్య భాబీ పొయ్యి పక్కనున్న నీళ్ల బకెట్టు ఎత్తాడు.

“పోయ్యకు!” భాబీ ఇంజనుకు అడ్డంగా నిలబడింది. “కాగిన పెనం మీద నీళ్లు కుమ్మరిస్తె పలుగుతది! దాని అంతల అదే సల్లారాలె! ముట్టకుండ్రి!”

ఆమె గొంతు అంత గట్టిగా ఉంటుందని మాకెవరికీ తెలియదు. గాలయ్య బకెట్టు దించాడు. దించుతూ చూశాడు. హెడ్డు పక్కన, నసీర్ భాయ్ చెయ్యి ఉన్న చోట, చర్మం అతుక్కుపోయి ఉంది. వేళ్ల గుర్తులతో సహా.

గాలయ్య ఆ మనిషి చేతిని పట్టుకుని తిప్పి చూశాడు. నేను చూడలేక తల తిప్పేసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెతను నేను అందరి మీదా తెగ వాడేవాణ్ణి. ఆ రోజు తర్వాత ఎప్పుడూ వాడలేదు.

“నీకు నొప్పి లేస్తలేదా భాయ్?” అన్నాడు గాలయ్య. అప్పుడతనికి అర్థమైంది. “నీ చెయ్యి సచ్చిందని నాకెందుకు జెప్పలే?”

“జెప్తే ఇంజన్ ఇస్తుంటివా?”

గాలయ్య ఆ చేతిని మెల్లగా వదిలేశాడు. అబద్ధం చెప్పలేకపోయాడు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. భార్యను తీసుకుని వెళ్లిపోయాడు. సలాం జరగలేదు.

నేను నసీర్ భాయ్‌ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కట్టు కట్టి, షుగరు ఉన్నవాళ్లకు పుండు మానడం కష్టమని, చెయ్యి నిలుస్తుందో లేదో చూడాలని అన్నాడు. దారిపొడుగునా నసీర్ భాయ్ చెయ్యి గురించి ఒక్క మాట అనలేదు.

“పిస్టన్లు పట్టినట్టే పరమేశూ. ఆఖరు ఇంజన్. నేనే సంపిన” అన్నాడు. ఆ మనిషి కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు. నాకు ఎవరిని తిట్టాలో తెలియక ఆ తాటిపత్రిని తిట్టాను, వానను తిట్టాను, డాక్టరును కూడా కాస్త తిట్టాను.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లేసరికి భాబీ కట్టెలను ఎండలో ఆరబెడుతోంది. నసీర్ భాయ్ ఒంటి చేత్తో ఇంజనుకు గొలుసు కడుతున్నాడు, గాలయ్య వస్తే అప్పజెప్పేయడానికి. గాలయ్య నిజంగానే వచ్చాడు, వెనక సాలమ్మ, నిన్నటి మనుషులు. వేరే మెకానిక్ దగ్గరికి మోసుకుపోవడానికే వచ్చారనుకున్నాను.

“తీస్కపో గాలయ్యా,” అన్నాడు నసీర్ భాయ్, మొహం చూడకుండా. “మాఫ్ జెయ్యి.”

గాలయ్య పెద్ద పానా తీసుకుని ముందు పుల్లీ బోల్టుకు తగిలించాడు. మేమందరం ఆ పానా వైపే చూస్తున్నాం. దాంతో లోపలి పిస్టన్లు కదలకపోతే అన్నీ అయిపోయినట్టే. గాలయ్య మోచేయి బిగుసుకుంది. పానా కదల్లేదు. నసీర్ భాయ్ కళ్లు మూసుకున్నాడు. గాలయ్య కాలు తన్నిపెట్టి మళ్లీ గుంజాడు. లోపల ఏదో విడినట్టు చిన్న చప్పుడు, ఆ తర్వాత మెత్తగా తిరిగింది. చుట్టు తిరిగింది, మళ్లీ తిరిగింది. ఒక్కో సిలిండరూ గాలిని గట్టిగా పట్టి వదులుతోంది.

“బతికింది” అన్నాను నేను.

నసీర్ భాయ్ మోకాళ్ల మీద కూలబడి చెవి ఆనించి విన్నాడు. హెడ్డు అంచుల వెంట వేలితో కాదు, కంటితో వెతికాడు. పగులు లేదు. నీళ్లు పోసి ఉంటే ఉండేది.

“ఇంకోపాలి నడిపి సూడాలె” అన్నాడు చివరికి. “నడిపి సూడకుంట బండ్ల ఎక్కియ్యద్దు. గాని నాతోటి గాదు. మేడ్చల్ల మంచోళ్లున్నరు, తీస్కపో.”

“సలాం గాంది యాడికి తీస్కపోవాలె?” అన్నాడు గాలయ్య. కోపం ఇంకా పోలేదు, గొంతులో తెలుస్తోంది. “నువ్వు దాసిపెట్టింది తప్పే. రాత్రంత తిట్టుకున్న నిన్ను. గాని మా పెద్దవలను ఒక్కడు గుంజుతడా భాయ్? ఒక్క కొస నాది, ఇంకో కొస ఇంకొకనిది. నీ చెయ్యి పోతే నీ ఇంట్ల ఇంకో చెయ్యి లేదా?”

అందరి చూపూ భాబీ మీదికి పోయింది. ఆమె కట్టె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“నేనా? పెనం దప్ప నేనేం ముట్టలే.”

“నిన్న ఆపిచ్చింది నువ్వే గద అక్కా,” అంది సాలమ్మ. ఆమె చేతిలోంచి కట్టె తీసి పక్కన పెట్టింది.

నసీర్ భాయ్ ఇంజనుకు కట్టిన గొలుసు విప్పాడు. అప్పటిదాకా వాళ్లిద్దరూ దూరం నుంచే ఒకరికొకరు సైగ చేసుకునేవారు. ఇప్పుడు అందరి ముందూ పక్కన కూర్చోబెట్టుకోవాలి. చివరికి స్టూలు లాగి ఇంజను పక్కన వేశాడు. తను ఎదురుగా టైరు అంచు మీద, కుడిచేతిని తాళం మీద పెట్టి కూర్చున్నాడు. భాబీ పిండి చేతులు కొంగుకు తుడుచుకుని, ఇంజను మీద పెట్టడానికి జంకుతూ పెట్టింది. ఎడమచెయ్యి. ఉస్తాద్ నేర్పినట్టే.

“ఆమె చెయ్యి జూస్తే లాభం లేదు,” అన్నాడు మాతో. “రొట్టెల చెయ్యి అది. మాడినా తియ్యదు. మొహం జూడాలె.” తర్వాత ఆమెతో మెల్లగా, “కొంగు తియ్” అన్నాడు.

ఆమె మా అందరి వైపూ చూసింది. గాలయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. మిగతావాళ్లూ తిప్పుకున్నారు. నేనూ తిప్పుకున్నాను గాని, నిజం చెప్పాలంటే పూర్తిగా కాదు. ఆమె కొంగు వెనక్కి నెట్టింది. నుదుటి మీద పొయ్యిసెగకు కమిలిన చర్మం, నెరిసిన పాపిడి. ఆయన ఆ మొహాన్ని చూస్తూనే తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. నిన్నటికంటే కాస్త గరుకుగా ఉన్నా నాలుగూ పలుకుతున్నాయి. ఆయిలు పైకెక్కింది. నసీర్ భాయ్ ఆయిలు చూడలేదు, పొగ చూడలేదు. అవి చూడమని నాకు చెప్పాడు. ఆయన చూపు ఆమె మీంచి కదల్లేదు. మొదట ఆమె సిగ్గుపడింది, కళ్లు దించుకుంది. తర్వాత వేడి తెలిసినట్టుంది, సిగ్గు పోయింది. పెదవి బిగించింది. ఇంకా చెయ్యి తీయలేదు. ఎండిన కట్టె లేదు, రొట్టె లేదు, ఇప్పుడు ఏ తప్పు జరిగినా ఆమె చెయ్యి కూడా పోతుంది. ఆమె కనుబొమ్మ కాస్త, ఎంతో కాస్త, ముడిపడింది. “బస్” అనడానికి నోరు తెరిచింది.

ఆ మాట రాకముందే ఆయన తాళం తిప్పేశాడు.

ఇంజను బుద్ధిగా ఆగిపోయింది. భాబీ చెయ్యి తీసి చూసుకుంది. ఎర్రబడింది, అంతే. గాలయ్య ముందుకొచ్చి, ఆమె చెయ్యి తీసిన చోట తన అరచెయ్యి ఆనించాడు. కాసేపు అలాగే ఉంచి, సాలమ్మను కూడా పిలిచి ఆమె చెయ్యీ పెట్టించాడు.

“మంచిగ వెచ్చగుంది” అన్నాడు. “సలాం నసీర్ భాయ్. సలాం అక్కా.”

నసీర్ భాయ్ వినలేదు. ఇంకా అటే చూస్తున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మొహాన్ని అంతసేపు, అంత దగ్గర నుంచి, పట్టపగలు చూసి ఉండడు. భాబీ కొంగు ముందుకు లాక్కోబోయి ఆగింది.

“అజీ, ఇంజన్ ఆగింది గదా” అంది.

ఆయన చూపు తిప్పలేదు.